డి డ్రైవ్‌లో పెట్టుకున్న కాపీ బ్యాకప్ కాదు

తిరుపతిలో కంప్యూటర్లు బాగుచేసే మాకు తరచూ వినబడే మాట: "సి పోయినా పర్లేదన్నా, అన్నీ డిలో కాపీ పెట్టినా." నేను చూసినంతలో ఈ నమ్మకం వల్ల పోయినన్ని ఫొటోలు వైరస్‌ల వల్ల కూడా పోలేదు.

చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది ఒకటే డిస్కు. దాన్నే భాగాలు చేసి సి, డి అని అక్షరాలు తగిలిస్తారు. ఒకే ఇంటికి అడ్డగోడ కట్టి రెండు వాటాలు చేసినట్టు. పునాది కుంగితే రెండూ పోతాయి. విండోస్ మళ్ళీ వేసేటప్పుడు సి ఒక్కటే ఫార్మాట్ చేస్తే డి మిగులుతుంది, నిజమే. అది చూసే జనం డి భద్రమని నమ్మేశారు. డిస్కే చెడితే ఆ లెక్క చెల్లదు.

మొన్న పెళ్ళిళ్ళ సీజన్లో చంద్రగిరి నుంచి ఒక ఫొటోగ్రాఫర్ తమ్ముడు వచ్చాడు. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే లోపల టక్ టక్‌మని చప్పుడు. "సి వద్దన్నా, డి ఒక్కటి తీసియ్యి చాలు" అన్నాడు. వెనక మూత విప్పి చూపించా. ఉన్న ఒక్క డిస్కునీ చూసి, రెండోది ఎక్కడుందని అడిగాడు. ఆ పిల్లోడి మొహం చూడలేకపోయా. చెన్నైలో రికవరీ చేసేవాళ్ళకు పంపిస్తే తలంబ్రాల ఫొటోలు వచ్చాయి, తాళి కట్టేవి రాలేదు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సి, డి రెండూ 'డిస్క్ 0' వరసలోనే ఉంటే మీకున్నది ఒకటే డిస్కు. కాపీ ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టి, దాన్ని పీకి బీరువాలో దాచండి.

పెన్‌డ్రైవ్ అక్షరం నిన్న ఇ, ఇవాళ ఎఫ్ అయితే వైరస్ అని ఎవరో పుకారు లేపారు. కాదు. ఖాళీగా ఉన్న అక్షరాన్ని విండోస్ ఇస్తుంది, అంతే. ఎ, బి ఫ్లాపీలవి, అందుకే సితో మొదలు.

విండోస్‌కి బదులు ఉబుంటు అనే లినక్స్ వేసుకునే విద్యార్థులకు: అక్కడ అక్షరాల డ్రైవ్‌లు ఉండవు. ఎస్‌డీఏ అంటే డిస్కు, ఎస్‌డీఏ1 అంటే అందులో మొదటి పార్టిషన్, అంటే మొదటి భాగం. 1 తర్వాత 5 కనిపిస్తే మధ్యలోవి పోయాయని కంగారుపడొద్దు. డిస్కును భాగాలు చేసే ఎంబీఆర్ పద్ధతిలో ప్రైమరీలు, అంటే ప్రధాన భాగాలు, నాలుగే, వాటికి 1 నుంచి 4 నంబర్లు. వాటిలో ఒకదాని లోపల చేసే లాజికల్ పార్టిషన్ల నంబర్లు 5 నుంచే మొదలు. కానీ ఉబుంటు వేసేటప్పుడు అడిగే 'ఎరేజ్ డిస్క్' నొక్కితే మాత్రం డి కూడా పోతుంది. సి ఒక్కటే పోతుందనుకుని నొక్కినవాళ్ళు మా షాపుకొచ్చి ఏడ్చారు.

లినక్స్‌లో వాడిన డిస్కు విండోస్‌కి పెడితే ఫార్మాట్ చేయమంటుంది. డిస్కు పాడైందని కాదు, లినక్స్ ఫైళ్ళు దాచే ఈఎక్స్‌టీ4 పద్ధతి విండోస్‌కి చదవడం రాదు. క్యాన్సిల్ నొక్కి, డిస్కు జాగ్రత్తగా తీసేసి, ఆ తర్వాతే తెలిసినవాళ్ళని అడగండి.