గండికోటకు మళ్లీ మళ్లీ ఎందుకు పోతానంటే: ట్రావెల్ ఫోటోగ్రఫీలో ఐడియాల గురించి అపోహలు - వాస్తవాలు

మాది ప్రొద్దుటూరు. పెళ్లిళ్ల ఫోటోలు తీయడం నా బతుకుతెరువు, ముహూర్తాలు లేని ఆషాఢంలో, పుష్యంలో బండి తీసుకుని కోటలూ గుళ్లూ ఏటి గట్లూ తిరుగుతూ ఫోటోలు తీసుకోవడం నా ప్రాణం, పదిహేనేళ్లుగా ఇదే నడుస్తోంది. కొత్తగా కెమెరా కొన్న తమ్ముళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే, "అన్నా, ఊర్లు తిరుగుతున్నాం గానీ ఏం తీయాలో తోచడం లేదు, నీకు ఐడియాలు ఎక్కడి నుంచి వస్తాయి?" అని. వాళ్ల మాటల్లో పదే పదే వినపడే అపోహలు కొన్ని ఉన్నాయి, వాటి గురించే రాస్తున్నా.

అపోహ: కొత్త చోటికి పోతేనే కొత్త ఫోటో దొరుకుతుంది.

వాస్తవం: కొత్త చోట మన కన్ను ముందు అందరూ చూసిందే చూస్తుంది. గండికోటకు మొదటిసారి పోయినప్పుడు నేను తీసింది కూడా ఆ ఫోటోనే. లోయ అంచున బండ మీద వీపు తిప్పి కూర్చున్న స్నేహితుడు, కింద ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయే పెన్న. అందులో తప్పేం లేదు, చూడగానే ఎవరికైనా తీయాలనిపించే చోటు అది. కానీ గండికోటలో తీసినవాటిలో నేను ఇంట్లో గోడకు తగిలించుకున్న ఫోటో ఆరోసారి పోయినప్పుడు వచ్చింది. కోట లోపల ఇప్పటికీ ఊరుంది కదా, ఆ ఊరి మేకలు పొద్దున్నే కోట వాకిలి గుండా మేతకు పోతున్నాయి, వెనకాల కట్టె పట్టుకుని ఒక అవ్వ. ఐదోసారి పోయినప్పుడు నేను చేరేసరికి మేకలు దాటిపోయాయి, దుమ్ము మాత్రం ఇంకా దిగలేదు, ఆ దుమ్ములో ఏటవాలు ఎండ గోడలా నిలబడి ఉంది. నెల తర్వాత మళ్లీ పోయి, చీకటి ఉండగానే వాకిలి పక్కన కూర్చున్నా. మేకలు ఎన్ని గంటలకు కదులుతాయో, అవ్వ ఏ పక్కన నడుస్తుందో మొదటిసారి వచ్చినవాడికి ఎట్లా తెలుస్తుంది?

చెక్ ఫోటోగ్రాఫర్ జోసెఫ్ సుడెక్ మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. 1940 నుంచి 1954 దాకా ప్రాగ్‌లో తన స్టూడియో కిటికీని పదే పదే ఫోటో తీశాడు, అద్దం మీద ఆవిరి, వాన చుక్కలు, అవతల వంకర తిరిగిన చెట్టు. ఒక్క కిటికీ ఆయనకు పద్నాలుగేళ్లు సరిపోయింది.

అపోహ: పొద్దున, సాయంత్రం వెలుతురు తప్ప మిగతాది దండగ, పదకొండు దాటితే కెమెరా సంచిలో పెట్టేయాలి.

వాస్తవం: మనుషుల ముఖాలకైతే నిజమే, నడినెత్తిన ఎండ కళ్ల కింద నల్లటి గుంటలు వేస్తుంది. గోడల విషయం వేరు. శిల్పం బాగా కనిపించాలంటే వెలుతురు దాన్ని ఒరుసుకుంటూ పోవాలి, నిట్టనిలువు గోడను పైనుంచి కిందికి ఒరుసుకుంటూ పోయేది మిట్టమధ్యాహ్నపు ఎండే. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి గోపురాల దగ్గర ఇది తెలిసింది నాకు. పొద్దున చూసినప్పుడు చదునుగా ఉన్న చెక్కడం పన్నెండు గంటలకు లేచి నిలబడింది, ప్రతి పూసకూ ప్రతి తీగకూ కింద సన్నటి నీడ గీత. మన ప్రాంతంలో ఏప్రిల్ ఆఖర్లో, మళ్లీ ఆగస్టు రెండో వారంలో సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ రోజుల్లో ఒకసారి పోయి చూడండి. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు, కొంచెం తగ్గించి తీయండి, లేకపోతే ఎండ పడిన రాయి తెల్లగా పేలిపోతుంది. నెత్తికి తువ్వాలు, సంచిలో నీళ్లు మాత్రం మరవద్దు.

అపోహ: మంచి కెమెరా ఉంటే ఐడియాలు వాటంతట అవే వస్తాయి.

వాస్తవం: రావు. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్ ఎక్కువ భాగం లైకా కెమెరా, 50 ఎంఎం లెన్స్‌తోనే ప్రపంచం తిరిగాడు. అప్పు చేసి లెన్స్ కొనే ముందు ఆ డబ్బుతో ఎన్నిసార్లు లేపాక్షి పోయి రావచ్చో లెక్కేసుకోండి.

అపోహ: వేరేవాళ్ల ఫోటోలు చూసి తీస్తే అది కాపీ.

వాస్తవం: అదే చోట నిలబడి అదే ఫ్రేమ్ పెడితే కాపీనే, అందులోని ఐడియాను మన పద్ధతిలోకి మార్చుకుంటే కాదు. లేపాక్షి గుడిలో లతా మండపం స్తంభాల మీద చెక్కిన అల్లికలను చీరల అంచుల్లోకి ఎట్లా తెచ్చారో చూడండి. రాతిలో ఒంపు తిరిగిన తీగ మగ్గం మీద అట్లాగే రాదు, గ్రాఫ్ కాగితం మీద గడి గడి లెక్కపెట్టి మెట్లు మెట్లుగా దింపాలి, ఆ దింపడంలోనే అది నేతపనివాళ్ల సొంతమైపోతుంది. నచ్చిన ఫోటో కనిపిస్తే నేను కాగితం మీద ఒక్క ముక్క రాసుకుంటా, "నీడే పెద్దది, మనిషి చిన్న" అని, అంతే. ఆ ఫోటో మళ్లీ తెరవను, ఆ ముక్కతో ఇంకో ఊరికి పోతా.

అపోహ: మూడ్ రావాలి.

వాస్తవం: నాకు మూడ్ కంటే నియమం పనికొచ్చింది. తోచని రోజున ఒకే వస్తువు పెట్టుకుని బయల్దేరతా. ఒకసారి కడప బండ పెట్టుకున్నా. జమ్మలమడుగు దాటాక ఏ పల్లె చూసినా బండలే, చేల చుట్టూ నిలబెట్టిన బండలు, నీళ్ల తొట్టి, అరుగు, బట్టలుతికే రాయి. అప్పుడే కడిగిన నల్ల బండ మీద ఆకాశం కనిపిస్తోంది, ఒకమ్మ ఆ తడి మీదే ముగ్గు వేస్తోంది, ఆరేకొద్దీ ముగ్గు తెల్లబడుతోంది. ఆ బండలు చిన్నప్పటి నుంచీ నా కాళ్ల కిందే ఉన్నాయి.

అపోహ: మనుషులకు తెలియకుండా తీస్తేనే సహజంగా వస్తుంది.

వాస్తవం: ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, అడగకుండా తీయొద్దు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు, ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ ఒక ఇంట్లో నేను గుమ్మం దగ్గర నుంచే టకటకా తీసుకుంటుంటే, లోపల పని చేస్తున్న పెద్దాయన తల ఎత్తకుండానే, "ఏం నాయనా, నిలబడే పోతావా, కూచో" అన్నాడు. సిగ్గేసింది, కెమెరా ఒళ్లో పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నా. సీతమ్మ బొమ్మ అది. పల్చగా గీకి ఆరబెట్టిన మేకతోలు మీద సన్న ఉలితో నగలన్నీ చిల్లులుగా కొడుతున్నాడు. అవి సరిగ్గా పడ్డాయో లేదో చూడ్డానికి మధ్యమధ్యలో బొమ్మను కిటికీ ఎండకు ఎత్తుతాడు, అప్పుడు ఆ హారం చుక్కలు చుక్కలుగా ఆయన చెంప మీద పడుతుంది. "తీసుకోనా పెద్దాయనా?" అంటే "తీసుకో" అని ఇంకోసారి ఎత్తాడు.

ఈసారి తొలకరికి జొన్నగిరి పోతున్నా. వానలు పడగానే అక్కడి చేలల్లో వజ్రాల కోసం జనం తలలు వంచుకుని వెతుకుతుంటారు. పోయినేడు ముఖాలు తీశాను, అన్నీ ఒకేలా వచ్చాయి. ఈసారి చేతులు మాత్రమే.