రేపు అనేది లేని రోజులు: కుంగుబాటును తత్త్వశాస్త్రం చూసిన తీరు

కుంగుబాటును ఇవాళ వైద్యులు గుర్తుపట్టే తీరు చాలావరకు 1980లో అమెరికాలో వెలువడిన డీఎస్ఎం-3 (మానసిక రుగ్మతల నిర్ధారణకు వైద్యులు వాడే గ్రంథం మూడో కూర్పు) తర్వాత స్థిరపడింది. నిద్ర, ఆకలి, ఆసక్తి, అలసట వంటి లక్షణాల్లో ఇన్ని ఉండాలని, అవి కనీసం రెండు వారాలు కొనసాగాలని అందులో లెక్క ఉంది. వేర్వేరు చోట్ల ఉన్న డాక్టర్లు ఒకే జబ్బును ఒకే పేరుతో పిలవడానికి ఆ పట్టిక అవసరమే. అయితే ఆ స్థితిలో ఉన్న మనిషికి లోకం ఎలా కనిపిస్తుందన్నది అందులో దొరకదు.

ఆ ప్రశ్నకు దారి వేసినవాడు జర్మన్ వైద్యుడు, తర్వాతి కాలంలో తత్త్వవేత్తగా పేరుపొందిన కార్ల్ యాస్పర్స్. జబ్బుకు కారణం చెప్పడం వేరు, రోగి అనుభవాన్ని అర్థం చేసుకోవడం వేరు అని ఆయన 1913లోనే తేల్చిచెప్పాడు.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది మనోవైద్యుడు యూజీన్ మింకోవ్‌స్కీ ఉదంతం. కుంగుబాటు, భ్రమలు కలగలిసిన 66 ఏళ్ల రోగితో ఆయన 1922లో రెండు నెలలు ఒకే ఇంట్లో గడిపాడు. ఈ రాత్రే తనకు మరణశిక్ష అమలవుతుందని ఆ పెద్దాయన మొదటి రోజే భయంతో వణికిపోయాడు. తాను నిద్రపోలేదు, డాక్టరునూ నిద్రపోనివ్వలేదు. తెల్లవారితే భయం వట్టిదని తెలుస్తుందిలే అని మింకోవ్‌స్కీ అనుకున్నాడు. తెల్లవారింది, ఏమీ జరగలేదు, ఆ రాత్రి మళ్లీ అదే భయం. మూడు నాలుగు రోజులకు డాక్టరే ఆశ వదులుకున్నాడు. రోగికి తర్కం తెలియక కాదు. ముందుకు సాగే కాలమే అతనిలో ఆగిపోయిందని, అందువల్ల ఏ రోజుకారోజు విడిగా మిగిలి నిన్నటి అనుభవం రేపటికి ధైర్యం కాలేకపోయిందని, భ్రమ పుట్టింది ఆ ఆగిపోవడం నుంచేనని ఆయన వివరించాడు.

మనోస్థితి అంటే లోపల కలిగే భావం మాత్రమే కాదని, లోకం మనకు తెరుచుకునే తీరే అదని 1927లో జర్మన్ తత్త్వవేత్త హైడెగర్ అన్నాడు. ఆ బాటలోనే జర్మన్ మనోవైద్యుడు, తత్త్వవేత్త థామస్ ఫుక్స్ శరీరం వైపు దృష్టి మళ్లించాడు. మామూలుగా మనకు గుర్తే రాని ఒళ్లు, కుంగుబాటులో ఈడ్చుకుపోవలసిన బరువవుతుందని ఆయన వాదన. "ఒళ్లంతా బరువుగా ఉంది, లేవబుద్ధి కావడం లేదు" అనే మన ఇళ్లలోని మాటను బద్ధకమని కొట్టిపారేసేవారు ఇది తప్పక వినాలి.

బాధితులు స్వయంగా రాసిన వివరణలను ఆధారం చేసుకుని, 2015 నాటి తన పుస్తకంలో తత్త్వవేత్త మాథ్యూ రాట్‌క్లిఫ్ మరో మెట్టు ఎక్కాడు. ఉద్యోగం వస్తుందన్న ఆశ పోయినవారు ఇంకొకదాని మీద ఆశ పెట్టుకోగలరు. తీవ్రమైన కుంగుబాటులో పోయేది ఏదో ఒక ఆశ కాదు, ఏదైనా మారవచ్చుననే భావమే. "రేపటికి సర్దుకుంటుందిలే" అని ఎంత ప్రేమగా చెప్పినా ఆ మాట వారికి అందకపోవడానికి కారణం అదే.