పాత డీజిల్ బండి కొనబోతున్న మా పిల్లలకు

విజయనగరం

చిన్నా, బుజ్జీ,

మీరిద్దరూ కలిసి ఒక పాత డీజిల్ పికప్ కొని ఉద్దానం కొబ్బరికాయలు, పలాస జీడిపప్పు తోలుదామనుకుంటున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం వేసింది. చిన్నాగాడు ఆటోమేటిక్ అంటున్నాడట, బుజ్జి మాన్యువల్ అంటోందట, మూడు రోజులుగా ఇంట్లో ఇదే గొడవట. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను, ఇద్దరూ కూర్చుని చదవండి.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. మాన్యువల్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. పెడల్ తొక్కితే విడిపోతుంది, వదిలితే అతుక్కుంటుంది. అసలైన ఆటోమేటిక్‌లో ఆ ప్లేటు స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇచ్చారనుకోండి, దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, అలాగే ఇక్కడ గాలికి బదులు ఆయిల్ ఉంటుంది. ఇంజిన్ ఆ ఆయిల్‌ని తిప్పుతుంది, ఆయిల్ గేర్‌బాక్స్‌ని తిప్పుతుంది. ఏఎమ్‌టీ అని ఇంకో రకం ఉంది, అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మన బదులు ఒక యంత్రం చేస్తుంది. కాబట్టి ఏఎమ్‌టీ బండిని ఆటోమేటిక్ అని చెప్పి అమ్మితే, లోపల క్లచ్ ప్లేటు ఉందనీ, అదీ అరుగుతుందనీ గుర్తుపెట్టుకోండి.

చిన్నా చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. లోడుతో ఎత్తు మీద ఆగి మళ్ళీ కదలాలంటే మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద, అంటే పెడల్ సగమే వదిలి, పట్టాలి, అప్పుడే ప్లేటు మాడే వాసన వస్తుంది. ఆటోమేటిక్‌లో ఆ బాధ లేదు, ఆయిల్ జారుతూ మెల్లగా లాగుతుంది, పైగా కదిలే ముందు ఇంజిన్ ఇచ్చే టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, కన్వర్టర్ ఇంకాస్త పెంచుతుంది కూడా. సిరిమానోత్సవం రోజు గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పట్టేసినవాడికి ఆటోమేటిక్ విలువ తెలుస్తుంది. కంపెనీలు కూడా దాన్ని బలహీనంగా ఏమీ చేయడం లేదు. 2022లో వచ్చిన టయోటా హైలక్స్ చూడండి, అదే 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్‌కి మాన్యువల్‌లో 420 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, ఆటోమేటిక్‌లో 500 ఇచ్చారు. ఆటోమేటిక్ బండి బరువు లాగదు అనే మాట ఇప్పుడు చెల్లదు.

అయినా మీ పనికి మాన్యువలే తీసుకోండి అంటాను. ఎందుకో చెబుతాను.

మీరు తోలబోయేది సరుకు. బొలెరో పికప్, దోస్త్, ఇంట్రా, ఈ రకం బండ్లు మన దగ్గర దొరికేది మాన్యువల్‌లోనే. ఆటోమేటిక్ కావాలంటే హైలక్స్, ఇసుజు వి-క్రాస్ లాంటి డబుల్ క్యాబిన్ (రెండు వరసల సీట్లు ఉన్న) బండ్ల వైపు పోవాలి. అవి చూడటానికి పెద్దగా ఉన్నా వెనక తొట్టి చిన్నది, మోయడానికి అనుమతించిన బరువు చాలా తక్కువ. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) మీద లోడుతో కలిపి ఉండగలిగే మొత్తం బరువు, ఖాళీ బరువు రెండూ రాసి ఉంటాయి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూడండి, ఎన్ని బస్తాలు పడతాయో మీకే తెలుస్తుంది. డ్రైవరు బరువు కూడా ఆ మిగిలిన దాంట్లోదే అని మర్చిపోకండి.

రెండోది, బాగుచేసేవాడు. క్లచ్ పోతే టెక్కలిలోనైనా, రాజాంలోనైనా, సాలూరులోనైనా చెట్టు కింద షెడ్డులో దించి మార్చేసే మేస్త్రీ ఉంటాడు, మామూలుగా ఒక రోజు పని. సాలూరు సంగతి చెప్పక్కర్లేదు, ఊరు ఊరంతా లారీల మీద బతికింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పి మళ్ళీ బిగించగలిగినవాడు మాత్రం ఇంకా మన దగ్గర అరుదు, విశాఖ పోవాలి. ఆ పోవడం కూడా ఎలా పోవాలో తెలియాలి. నా స్నేహితుడొకడు పాత ఆటోమేటిక్ బండి కొన్నాడు, చీపురుపల్లి దగ్గర ఆగిపోయింది. వైరు ఏదో ఊడింది, అంతే, చిన్న రిపేరు. న్యూట్రల్‌లో పెట్టి ట్రాక్టర్‌కి తాడు కట్టి విజయనగరం దాకా లాక్కొచ్చారు. ఆటోమేటిక్‌లో ఆయిల్ పంపు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగి చక్రాలు మాత్రం తిరుగుతుంటే లోపలి భాగాలకు ఆయిల్ అందదు. ముప్పై కిలోమీటర్లు అలా పొడిగా తిరిగి మొత్తం గేర్‌బాక్స్ పోయింది. ఆ రోజు తాడు పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తెలిసి ఉంటే చక్రాలు నేల తాకకుండా ఎత్తి తీసుకెళ్ళే బండి పిలిచేవాళ్ళం. బ్యాటరీ దిగిపోతే తోసి స్టార్ట్ చేయడం కూడా మాన్యువల్‌తోనే కుదురుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి కొబ్బరితోటలో ఉన్నప్పుడు అది చాలా పెద్ద విషయం.

ఇక ఘాట్. ఏదో ఒక రోజు మీకు కోరాపుట్ లోడు వస్తుంది, సాలూరు దాటి సుంకి మీదుగా వెళ్తారు. ఎక్కడం కష్టమనుకుంటారు గానీ భయపడాల్సింది దిగేటప్పుడు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్ళని నేను చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. న్యూట్రల్‌లో బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది, వేడెక్కి వేడెక్కి చివరికి పెడల్ తొక్కినా పట్టవు. పైగా గేరులో ఉండి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే నేటి డీజిల్ ఇంజిన్లు డీజిల్ పోయడమే ఆపేస్తాయి, న్యూట్రల్‌లో పెడితేనే ఇంజిన్ తిరగడానికి పోయాలి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఆటోమేటిక్ అయినా ఇదే, డి (డ్రైవ్) లో వదిలేస్తే అది పైగేరుకి పోవచ్చు, మాన్యువల్ మోడ్‌లోకి తెచ్చి కింది గేరులో మీరే ఆపి ఉంచాలి. బుజ్జీ, నువ్వు తోలుతావు కాబట్టి ఇది నీకు మరీ మరీ చెబుతున్నాను.

పాత బండిలో గేరు ఏ రకం అనేదాని కంటే, ఇంతకుముందు తోలినవాడు ఎలా తోలాడనేది పెద్ద ప్రశ్న. మాన్యువల్‌లో వాడి అలవాటు క్లచ్ ప్లేటు మీద కనిపిస్తుంది, ఆటోమేటిక్‌లో ఆయిల్‌లో కనిపిస్తుంది. మాన్యువల్ చూసేటప్పుడు చదునుగా ఉన్నచోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి, ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అయిపోయినట్టే. ఒక్కసారి చాలు, పదిసార్లు చేస్తే ఉన్న ప్లేటు మీరే తినేస్తారు. తర్వాత రోడ్డు మీద పైగేరులో యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కండి, ఇంజిన్ వేగం చూపే ముల్లు లేచి, బండి మాత్రం వేగం అందుకోకపోతే అదీ క్లచ్ జారడమే. రెండో గేరు వేసేటప్పుడు గరగరమన్నా, కాలు తీసినప్పుడు గేరు రాడ్డు దానంతట అది న్యూట్రల్‌కి వచ్చేసినా ఆ బండి వదిలేయండి.

ఒకవేళ మంచి ఆటోమేటిక్ తగిలి మనసు అటు పోయిందనుకోండి, బ్రేకు మీద కాలుంచి డి లోకి, ఆర్ (రివర్స్) లోకి మార్చి చూడండి. ఆలస్యంగా పట్టుకున్నా, ధన్‌మని కొట్టినా వద్దు. గేర్ ఆయిల్ కొంచెం తీయించి తెల్ల గుడ్డ మీద వేసి చూడండి, నల్లబడి మాడిన వాసన వస్తే దాని మీద బేరం కూడా ఆడొద్దు. జీవితాంతం ఆయిల్ మార్చక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి, బరువు లాగిన బండికి మార్చి తీరాలి, ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి.

కాగితాలు మీ నాన్న చూసుకుంటాడు. ఫైనాన్స్ తీరిందా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పటిదాకా ఉంది అనేవి మాత్రం మీరూ అడగండి. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

శనివారం రాత్రికి ఇక్కడికి వచ్చేయండి. నెల్లిమర్లలో ఉందన్న ఆ బొలెరో పికప్‌ని ఆదివారం పొద్దున్నే చూద్దాం. మనం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్ళకి ముందే ఫోన్ చేసి చెప్పండి, చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితేనే పొగ ఎలా వస్తుందో, ఇంజిన్ ఎలా అందుకుంటుందో తెలుస్తుంది. వెళ్ళగానే నేను బానెట్ మీద చెయ్యి పెడతాను, వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి ఇంటికి వచ్చేద్దాం. మీ పెద్దమ్మ పెసరట్లు వేస్తానంది.

మీ పెదనాన్న