గోంగూర కాయల ఎరుపు, రక్తనాళాల లోపలి పొర

మా మేనత్తకు 68 ఏళ్లు. పదేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటోంది. సంక్రాంతికి ఊరెళ్తే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది చదువు రా. గోంగూర పువ్వు టీ తాగితే బీపీ దిగిపోతుందట, కిడ్నీలు కడిగినట్టు అవుతాయట. మాత్ర మానెయ్యనా?"

మానొద్దత్తా అన్నాను. అక్కడికి ఆ మాట అయిపోయింది కానీ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది, ఆ సగం చాలా అందమైన నిజం.

వాళ్ల పెరట్లో ఎర్ర గోంగూర ఉంది. తెలంగాణలో పుంటికూర అంటారు. ఆకు కోయకుండా వదిలేస్తే చలికాలానికి పూస్తుంది. పువ్వు వాడి రాలిపోయాక దాని అడుగునున్న రక్షక పత్రాలు కండపట్టి, ముదురు ఎరుపులో కాయను చుట్టుకుంటాయి. ఆ రేకలనే ఎండబెట్టి టీ కాస్తారు. నేను పది కాయల రేకలు వొలిచి స్టీలు గిన్నెలో మరిగించాను. నీళ్లు దానిమ్మ రసంలా అయ్యాయి. ఒక గ్లాసులో నిమ్మకాయ పిండితే ఎరుపు ఇంకా మెరిసింది. ఇంకో గ్లాసులో చిటికెడు వంటసోడా వేస్తే రంగు నీలం వైపు, ఆ తర్వాత మురికి ఆకుపచ్చ వైపు తిరిగింది. అత్తయ్య మనవడు నోరు తెరుచుకుని చూశాడు. ఆమ్లాలు, క్షారాల పాఠం చెప్పడానికి లిట్మస్ కాగితం కోసం ఎదురుచూసే మాస్టార్లందరికీ చెబుతున్నాను: గోంగూర కాయ చాలు, మందార పువ్వైనా చాలు.

ఆ రంగు పేరు ఆంథోసయనిన్. మొక్కల్లో ఉండే ఫ్లేవనాయిడ్లనే పదార్థాల కుటుంబంలోది. ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, కోకోలోని ఎపికాటెచిన్, నిమ్మజాతి పండ్లలోని హెస్పెరిడిన్ దానికి దాయాదులు. వీటికి ఒకప్పుడు విటమిన్ హోదా కూడా దక్కింది. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి 1936లో మిరపకాయ, నిమ్మ రసాల నుంచి తీసిన ఈ పదార్థాలు సన్నని రక్తనాళాలు కారిపోకుండా కాపాడతాయని భావించి "విటమిన్ పి" అని పిలిచాడు. ఇవి లేకపోతే వచ్చే జబ్బంటూ ఏదీ తేలకపోవడంతో తర్వాత ఆ పేరు తీసేశారు. పేరు పోయినా, ఆయన చూపు పడిన చోటు మాత్రం సరైనదే. అసలు కథ రక్తనాళం గోడలోనే ఉంది.

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. ఫ్లేవనాయిడ్లు యాంటీ ఆక్సిడెంట్లు, ఒంట్లోని చెత్తనంతా ఊడ్చేస్తాయని ప్రతి డబ్బా మీదా రాసి ఉంటుంది. పరీక్షనాళికలో అది నిజమే. మన రక్తంలో లెక్క వేరు. ఎంత టీ తాగినా రక్తంలోకి చేరే ఆంథోసయనిన్ లీటరుకు ఒక మైక్రోమోల్ కూడా ఉండదు. మన రక్తంలో మామూలుగానే ఉండే యూరిక్ ఆమ్లం లీటరుకు 200 నుంచి 400 మైక్రోమోళ్లు, అదీ యాంటీ ఆక్సిడెంటే. అంత పెద్ద సముద్రంలో ఈ చెంచాడు కలిసి ఊడ్చేదేముంటుంది? కాబట్టి ఫ్లేవనాయిడ్లు చేసే పని ఏదైనా ఉంటే, కొద్ది అణువులతోనే పెద్ద మార్పు తేగలిగే చోట చేస్తూ ఉండాలి.

ఆ చోటు ఎండోథీలియం. ప్రతి రక్తనాళానికీ లోపలి వైపు ఒకే ఒక్క కణం మందాన ఉండే పొర. ఇది ఉత్త అస్తరు గుడ్డలాంటిదని చాలాకాలం అనుకున్నారు. న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు మహాధమనిని రిబ్బన్లలా కోసి, ఎసిటైల్‌కోలిన్ అనే మందు వేసి చూసేవాడు. రిబ్బన్లు బిగుసుకునేవి. జంతువులో అదే మందు బీపీని తగ్గిస్తుంది, మరి రిబ్బను ఎందుకు బిగుసుకుంటోంది? 1978లో ఒకరోజు ప్రయోగశాలలో రిబ్బన్ల స్థానంలో ఉంగరాల్లా కోసిన ముక్కలు వాడారు, అవి బిగుసుకోవడానికి బదులు వదులయ్యాయి. వెనక్కి వెళ్లి చూస్తే తేలింది ఇది: ఇన్నాళ్లూ రిబ్బన్లు తయారు చేసేటప్పుడు లోపలి పొర రాపిడికి ఊడిపోయేది, ఈసారి ఊడలేదు. అంటే వదులు కమ్మనే సందేశం ఆ పొర నుంచే వస్తోందన్నమాట. 1980లో అది ప్రచురించాడు. ఆ సందేశం ఒక వాయువని, నైట్రిక్ ఆక్సైడ్ అని తేలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 1998లో లూయిస్ ఇగ్నారో, ఫెరీద్ మురాద్‌లతో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు.

ఈ వాయువు ఆయుష్షు కొన్ని సెకన్లే. పొరలోని ఎంజైమ్ అర్జినీన్ అనే అమైనో ఆమ్లం నుంచి దాన్ని తయారు చేస్తుంది. అది పక్కనే ఉన్న కండర కణంలోకి జారి, గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్‌ను లేపుతుంది, కణంలో కాల్షియం తగ్గుతుంది, కండరం సడలుతుంది, నాళం వెడల్పవుతుంది. ఎంత వెడల్పు? ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఉంది. సన్నని గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది, అదే పాయిజాయ్ సూత్రం. వ్యాసార్ధం పది శాతం పెరిగితే 1.1ని నాలుగుసార్లు గుణించండి: 1.46. అదే ఒత్తిడికి 46 శాతం ఎక్కువ రక్తం పారుతుంది. పొలానికి నీళ్లు కట్టే రైతుకు పైపు ఒక సైజు పెంచితే ఎంత తేడా వస్తుందో చేత్తో తెలుసు. బీపీ మందుల్లో చాలావాటి బతుకంతా ఆ నాలుగో ఘాతం మీదే.

ఇక ఈ వాయువుకు ఒక శత్రువు ఉంది, సూపర్ ఆక్సైడ్. నాళం గోడలోనే ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని పుట్టిస్తుంది. షుగరు, పొగ, ఎక్కువైన యాంజియోటెన్సిన్ (నాళాలను బిగించే హార్మోన్) ఆ ఎంజైమ్‌ను రెచ్చగొడతాయి. సూపర్ ఆక్సైడ్‌ను తీసేయడానికి మన కణాల్లో ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ ఉంది. కానీ ఆ ఎంజైమ్ పట్టుకునే లోపే సూపర్ ఆక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ ఎదురుపడితే కలిసిపోతాయి, అంత వేగం వాటిది. కలిసి పెరాక్సీనైట్రైట్ అవుతాయి. సందేశం చచ్చిపోతుంది, నాళం బిగుతుగానే ఉండిపోతుంది. ఎపికాటెచిన్ నుంచి శరీరం తయారు చేసుకునే పదార్థాలు ఆ ఆక్సిడేజ్‌ను మందగింపజేస్తాయని కణాల మీద చేసిన ప్రయోగాలు చూపాయి. పుట్టిన చెత్తను ఊడ్చడం కాదు, చెత్త పోసేవాడి చెయ్యి పట్టుకోవడం. దానికి కొద్ది అణువులు చాలు. కోకో ఇచ్చిన మనుషుల్లో నాళాలు వెడల్పయ్యాక, నైట్రిక్ ఆక్సైడ్ తయారీని ఆపే మందు ఎక్కిస్తే ఆ వెడల్పు పోయింది. ఆధారమంటే నాకు ఇలాంటిది కావాలి.

కిడ్నీ సంగతికి వస్తాను. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు ఈ రెండు పిడికిళ్లంత అవయవాలకే పోతుంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గుత్తులు, రోజుకు 180 లీటర్ల వడపోత, అందులో మూత్రంగా బయటికొచ్చేది లీటరున్నరో రెండో. బీపీ పెరిగితే ఈ గుత్తులు దెబ్బతింటాయి. కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరుగుతుంది. ఈ రెండో సగాన్ని హ్యారీ గోల్డ్‌బ్లాట్ 1934లో కుక్క కిడ్నీ ధమనికి చిన్న బిగింపు పెట్టి చూపించాడు. కిడ్నీకి రక్తం తగ్గినట్టనిపించగానే అది రెనిన్ అనే ఎంజైమ్ వదులుతుంది, దాంతో యాంజియోటెన్సిన్ పెరుగుతుంది, ఒళ్లంతా నాళాలు బిగుస్తాయి. యాంజియోటెన్సిన్‌ను తయారు చేసే ఏసీఈ అనే ఎంజైమ్‌ను గోంగూర కాయల ఆంథోసయనిన్లు పరీక్షనాళికలో అడ్డుకుంటాయి. అత్తయ్య వేసుకునే మాత్ర అడ్డుకునేది కూడా ఆ ఎంజైమ్‌నే.

మరి మనుషుల్లో ఎంత తగ్గింది? అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు బీపీ కాస్త ఎక్కువున్న 65 మందిని తీసుకుని, సగం మందికి రోజుకు మూడు కప్పుల గోంగూర కాయల టీ ఆరు వారాలు ఇచ్చారు. 2010లో వచ్చిన ఫలితం: పై అంకె 7.2 పాయింట్లు తగ్గింది, ఉత్తుత్తి పానీయం తాగినవాళ్లకు 1.3. తక్కువేమీ కాదు. కానీ మెక్సికోలో ఇదే మొక్క సారాన్ని లిసినోప్రిల్ అనే బీపీ మాత్రతో పోటీ పెడితే మాత్రే ఎక్కువ తగ్గించింది. కోకో మీద చేసిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే తగ్గుదల రెండు పాయింట్లు కూడా లేదు. 21 వేల మందికి పైగా పాల్గొన్న కాస్మోస్ ప్రయోగం 2022లో ముగింపు చెప్పింది: రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ అనే ఫ్లేవనాయిడ్ల‌తో గుండెజబ్బులన్నీ కలిపిన లెక్కలో కచ్చితమైన తేడా రాలేదు, గుండెజబ్బు మరణాలు మాత్రం 27 శాతం తగ్గాయి. ఈ రెండో సంఖ్య ఆశ పుట్టిస్తుంది, కానీ ఆ ప్రయోగం ప్రధానంగా తేల్చాలనుకున్నది అది కాదు.

ఇప్పుడు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఉద్దానం వైపు నుంచి చదువుతున్నవాళ్లకు ఒక మాట. మీ లెక్క వేరు. గోంగూర ఆకులో ఆక్సలేట్ ఎక్కువ, రాళ్లు పడే తత్వం ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. ఆకుకూరల్లోని పొటాషియం ఆరోగ్యవంతుడికి మేలు, వడపోత మందగించినవాడి గుండెకు ప్రమాదం. గోంగూర పచ్చడిలో వేసే ఉప్పు, ఫ్లేవనాయిడ్ తగ్గించిన బీపీని తిరిగి పెంచేయగలదు. ఆకు అయితే హాని లేదనే నమ్మకం అన్నిటికన్నా చెడ్డది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి మూలికల గుళికలు మింగిన ఆడవాళ్లకు వరుసగా కిడ్నీలు పాడయ్యాయి. కారణం అరిస్టలోకియా జాతి మొక్కలోని ఆమ్లం. మన ఈశ్వరి తీగ అదే జాతి. పాము దగ్గరకు రాదని వాకిట్లో పెంచుకుంటే పెంచుకోండి, కషాయం మాత్రం కాచుకోకండి.

అత్తయ్యకు ఇదంతా చెప్పలేదు. డాక్టరుగారిని అడిగి, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం చూపించుకుని, మాత్రతో పాటు రోజుకొక గ్లాసు టీ మొదలుపెట్టింది, పంచదార లేకుండా. పొద్దున్నే కాసేపు కుర్చీలో కూర్చుని, చెయ్యి బల్ల మీద పెట్టి, బీపీ చూసుకుని, గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాస్తోంది. మొన్న ఫోన్ చేసి మూడు వారాల అంకెలు చదివింది. మధ్యలో ఒకరోజు మాత్రం పై అంకె 152 ఉంది. "ముందురోజు పెళ్లికెళ్లాను, ఆవకాయ, పులిహోర" అంది, నేను అడక్కముందే.