గేముల పిచ్చోళ్లు పుస్తకాలు చదవరా? ఒక లైబ్రేరియన్ చెప్పే అపోహలు - వాస్తవాలు

అనంతపురం శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఎవరు ఏ పుస్తకం తీసుకుపోతున్నారో, దేన్ని మర్నాడే వాపసు ఇస్తున్నారో ఇష్యూ కౌంటర్ దగ్గర కూర్చుంటే ఇట్టే తెలిసిపోతుంది. గేములు, కామిక్స్, కోడింగ్ అంటే ప్రాణం పెట్టే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్ల గురించీ, వాళ్లు ఇష్టపడే నాన్‌ఫిక్షన్ (కల్పన కాని, నిజ విషయాల పుస్తకాలు) గురించీ నేను తరచుగా వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: గేముల పిచ్చి ఉన్నవాడు పుస్తకం ముట్టడు.

మనం ఇచ్చే పుస్తకంతో వాడికి సంబంధం లేకపోతే ముట్టడు, నిజమే. మూడేళ్ల కిందట ఫైన్ కట్టడానికి వచ్చిన సెకండియర్ కుర్రాడు క్యూలో నిలబడే ఫోన్‌లో గేమ్ ఆడుతున్నాడు. "ఏమబ్బీ, బొమ్మ పరిగెత్తుతుంటే వెనక గోడలు కూడా జరుగుతాయే, అదెట్లనో తెలుసా?" అని అడిగాను. తెలియదన్నాడు. డేవిడ్ కుష్నర్ రాసిన 'మాస్టర్స్ ఆఫ్ డూమ్' చేతిలో పెట్టాను. 'డూమ్' అనే గేమ్ చేసినవాళ్ల కథ అది. వాళ్లలో ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ 1990లో కుస్తీ పట్టింది సరిగ్గా దీనితోనే. అప్పటి పీసీలకు తెర మొత్తాన్ని మాటిమాటికీ గీసే శక్తి లేదు. మారిన ముక్కలు మాత్రమే మళ్లీ గీస్తే చాలని అతను కనిపెట్టాడు. ఆ కిటుకుతో, ఒక స్నేహితుడి సాయంతో, మారియో గేమ్ మొదటి లెవెల్‌ని ఒక్క రాత్రిలో పీసీ మీదికి తెచ్చాడు. మా కుర్రాడు నాలుగో రోజే వచ్చి, "సార్, ఇట్లాంటిది ఇంకోటుందా?" అన్నాడు.

అపోహ: నిజంగా జరిగిన కథల్లో సస్పెన్స్ ఉండదు.

ఆ కుర్రాడికి ఇచ్చిన రెండో పుస్తకం 'ద కకూస్ ఎగ్'. 1989లో వచ్చింది. రాసిన క్లిఫర్డ్ స్టోల్ ఖగోళ శాస్త్రవేత్త. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో కంప్యూటర్ల పని చూస్తున్నప్పుడు, వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. కిరాణా కొట్టు ఖాతాలో ముప్పావలా తేడా వస్తే ఎవరు పట్టించుకుంటారు? ఈయన పట్టించుకున్నాడు. ల్యాబ్ కంప్యూటర్‌లోకి ఎవరో బయటివాళ్లు దూరి, అక్కడినుంచి సైనిక కంప్యూటర్ల తలుపులు తడుతున్నారని తేలింది. వాళ్లు టైపు చేసే ప్రతి అక్షరం కాగితం మీద పడాలని ఒక శని ఆదివారాల్లో ఆఫీసంతా తిరిగి, తోటివాళ్ల బల్లల మీది ప్రింటర్లు, టెర్మినళ్లు మోసుకొచ్చి ఫోన్ లైన్లకు తగిలించాడు. అక్కడే పడుకున్నాడు. చివరికి ఎవరు దొరికారో నేను చెప్పను. మా లైబ్రరీలో ఈ పుస్తకం అట్ట రెండుసార్లు ఊడింది, రెండుసార్లూ బైండింగ్ చేయించాను.

అపోహ: కామిక్స్ చిన్నపిల్లల సరుకు, వాటి గురించి చదవడానికి ఏముంటుంది?

కిందటేడు పిల్లలతో లేపాక్షి వెళ్లాం. జిల్లాలు విడిపోయినా అది మా అనంతపురానిదే అనిపిస్తుంది నాకు. వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మల్లో కిరాతార్జునీయం ఉంది. అర్జునుడి తపస్సు, పంది వేట, శివుడితో పోరు. ఒక అమ్మాయి మెడ వెనక్కి వంచి చాలాసేపు చూసి, "సార్, ఇది కామిక్ కదా!" అంది. తిరిగొచ్చాక స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వేసిన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' ఇచ్చాను. కామిక్స్ గురించి కామిక్ రూపంలోనే చెప్పిన పుస్తకమిది. ఒక గడిలో గొడ్డలి ఎత్తిన మనిషి. పక్క గడిలో రాత్రిపూట ఊరు, ఒక కేక. దెబ్బ పడినట్టు బొమ్మ ఎక్కడా లేదు. రెండు గడుల నడుమ ఖాళీలో ఆ దెబ్బను వేసింది చదివేవాడి మనసే అంటాడు మెక్‌క్లౌడ్. నా దృష్టిలో ఈ జాబితాలో అన్నిటికన్నా గొప్ప పుస్తకం ఇదే. సినిమా తీయాలనుకునే పిల్లలకూ ఇదే ఇస్తాను.

అపోహ: ఇలాంటి పుస్తకాలు కంప్యూటర్ బ్రాంచి వాళ్లకే అర్థమవుతాయి.

చార్లెస్ పెట్జోల్డ్ 'కోడ్' ఎక్కడ మొదలవుతుందో చూడండి. ఎదురెదురు ఇళ్లలోని ఇద్దరు స్నేహితులు, రాత్రి పెద్దవాళ్లు లైట్లు ఆర్పేశాక, టార్చ్ వెలిగించి ఆర్పి మాట్లాడుకోవాలి. అక్కడినుంచి మోర్స్ (చుక్కలు, గీతల టెలిగ్రాఫ్ లిపి), బ్రెయిలీ, బల్బు, స్విచ్, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) మీదుగా నెమ్మదిగా ఒక కంప్యూటర్ తయారవుతుంది. మా దగ్గర దీన్ని ఎక్కువగా తీసుకుపోయింది సివిల్, మెకానికల్ పిల్లలే.

అపోహ: ఇది మగపిల్లల లోకం.

మార్గో లీ షెటర్లీ 'హిడెన్ ఫిగర్స్' చదివితే, ఒకప్పుడు కంప్యూటర్ అన్నది ఉద్యోగం పేరనీ, ఆ ఉద్యోగాల్లో కూర్చుంది ఆడవాళ్లనీ తెలుస్తుంది. 1962లో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ కక్ష్యలోకి వెళ్లే ముందు మెషిన్ లెక్కల్ని నాసాలో పనిచేసే కాథరిన్ జాన్సన్ చేత్తో సరిచూడాలని పట్టుబట్టాడు. ఆమె సరిచూశాకే బయల్దేరాడు.

అపోహ: ఇంగ్లీషు రాకపోతే ఇవన్నీ మనవి కావు.

ఈ మాట తెలుగు మీడియం పిల్లల నోట వింటే నాకు బాధేస్తుంది. అలాంటి వాళ్లకు ముందు మహీధర నళినీమోహన్ 'క్యాలెండర్ కథ', కొడవటిగంటి రోహిణీప్రసాద్ సైన్సు వ్యాసాలు ఇస్తాను. ఆ రుచి తగిలాక ఇంగ్లీషు పుస్తకం భయపెట్టదు. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అలాగే మొదలుపెట్టి, ఇప్పుడు సైమన్ సింగ్ 'ద కోడ్ బుక్'లో మొదటి అధ్యాయం చదువుతోంది. స్కాట్లండ్ రాణి మేరీ రహస్య లిపిలో రాసిన ఉత్తరాలు శత్రువుల చేతికి చిక్కి, ఆమె ప్రాణం మీదికి వచ్చిన కథ అది. తెలియని మాటల కింద పెన్సిల్‌తో గీత పెట్టుకోమన్నాను, లైబ్రరీ పుస్తకమైనా సరే. సాయంత్రం నాలుగు దాటాక కౌంటర్ ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఇద్దరం కూర్చుని ఆ గీతలన్నీ చూస్తాం.