ఇంట్లో ట్యూబ్ గిటార్ యాంప్: ఉప్పుగాలి ఊళ్లలో అపోహలు - వాస్తవాలు

గిటారు ధ్వనిని గాజు వాక్యూమ్ ట్యూబులతో పెంచే యాంపుని ఇంట్లో కట్టుకునే కిట్టుతో వచ్చే పుస్తకం రాసినవాళ్లు నర్సాపురంలో శ్రావణమాసపు ముసురు చూసి ఉండరు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఏరేటర్లన్నీ తిరిగే రాత్రివేళ ఓల్టేజీ ఎంతకి దిగుతుందో కూడా వాళ్లకి తెలీదు. టోన్ గురించి నెట్‌లో గంటలకొద్దీ చదివినవాళ్లు కూడా మన దగ్గర చెమ్మ, కరెంటు, ఎర్త్ దగ్గరే బోల్తా పడుతున్నారు. అందుకే ముందు వాటి సంగతి.

కింది లెక్కలన్నీ 1950ల చివరి నాటి ఫెండర్ ఛాంప్ 5ఎఫ్1 సర్క్యూట్‌వి. ట్యూబులు మూడు: గిటారు సిగ్నల్‌ని మొదట పెంచే 12ఏఎక్స్7 ఒకటి, స్పీకరుని నడిపే 6వీ6 ఒకటి, ఏసీని డీసీ చేసే 5వై3 రెక్టిఫయరు ఒకటి. మొత్తం 5 వాట్లు.

అపోహ: ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపే బ్రేకరు) ఉంది, షాక్ కొడితే అదే పడిపోతుంది.

వాస్తవం: పడదు. ఆర్‌సీసీబీ చూసేది ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్నదే. యాంపు లోపలి 350 వోల్టులు ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ (బయటికిచ్చే వైండింగు) నుంచి వస్తాయి. ఒక చెయ్యి ఆ వైరు మీద, ఇంకో చెయ్యి ఛాసిస్ (యాంపు రేకు పెట్టె) మీద పడితే కరెంటు గుండె మీదుగా వెళ్లి అదే సెకండరీకి తిరిగొస్తుంది. గోడ మీది పెట్టెకి ఆ సంగతే తెలీదు.

ప్లగ్గు పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో (డీసీని నునుపు చేసేవి) ఆ వోల్టేజీ నిలిచే ఉంటుంది. మొదటి కెపాసిటరు ప్లస్ నుంచి ఛాసిస్‌కి 220 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టరు ఒకటి శాశ్వతంగా సోల్డరు చేసేయండి. మూడు ఫిల్టర్ కెపాసిటర్లూ (16, 8, 8) కలిపి 32 మైక్రోఫారడ్లు, దానితో అర నిమిషంలోపు 10 వోల్టుల కిందికి దిగిపోతాయి. అయినా నమ్మకండి, రెసిస్టరు ఊడిపోయి ఉండొచ్చు. మీటరు నల్ల వైరుని క్రొకొడైల్ క్లిప్పుతో ఛాసిస్‌కి తగిలించి, ఎర్ర వైరుని కుడిచేత్తో కెపాసిటరు మీద పెట్టి చూడండి. ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. లుంగీ కట్టుకుంటే వీపు వెనక. మన గచ్చు వానాకాలమంతా చెమటలు పడుతూనే ఉంటుంది కాబట్టి కాళ్లకింద పొడి చెక్కో రబ్బరు చాపో తప్పనిసరి.

అపోహ: గుయ్యిమంటుంటే ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే సరి.

వాస్తవం: తీసేస్తే, లోపల ఫేజు వైరు ఒకటి ఊడి ఛాసిస్‌కి తగిలిన రోజున గిటారు తీగలన్నీ ఫేజే. గుయ్యికి కారణం లోపలే వెతకాలి. 50 హెర్ట్జ్ గుయ్యి అయితే ఫిలమెంటు వైర్లు (ట్యూబుల్ని వేడి చేసేవి). వాటిని ఒకదానికొకటి గట్టిగా మెలిపెట్టి ఛాసిస్ మూలనుంచి తీసుకెళ్లాలి, 6.3 వోల్టుల వైండింగుకి సెంటర్ ట్యాపు (మధ్యలోంచి తీసిన వైరు) లేకపోతే రెండు 100 ఓమ్ రెసిస్టర్లతో గ్రౌండు చేయాలి. దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ గుయ్యి అయితే ఫిల్టర్ కెపాసిటర్లని అనుమానించాలి.

డెల్టా నేల తడినేల, ఎర్త్ బాగానే దొరుకుతుంది. చెడేది పైపుకీ వైరుకీ మధ్య బిగింపు, ఉప్పుకి తుప్పు పట్టి. దాన్ని ఎలక్ట్రీషియన్‌తో విప్పించి, గీకించి, మళ్లీ బిగించండి.

అపోహ: కన్వర్టర్ ప్లగ్గు పెడితే ఏ దేశం కిట్టైనా ఇక్కడ నడుస్తుంది.

వాస్తవం: ఆ ప్లగ్గు మార్చేది పిన్నుల ఆకారాన్నే. ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ (గోడ నుంచి కరెంటు తీసుకునే వైండింగు) 120 వోల్టులదైతే మన 230కి పొగే. ఆర్డరు పెట్టేటప్పుడే 240 వోల్టుల ట్యాపున్న, 50 హెర్ట్జ్‌కి చేసిన ట్రాన్స్‌ఫార్మరు అడగండి. ఫ్యూజు కూడా మార్చాలి: మన దగ్గర ఈ యాంపుకి 500 మిల్లీ ఆంపియర్ల స్లో బ్లో (ఒక్క క్షణపు పోటుకి కాలిపోని ఫ్యూజు) చాలు. అది పోయిందని రాగితీగ చుట్టే అలవాటు ఇక్కడ వద్దు.

రాత్రి గోడలో 190 వోల్టులే ఉంటే ఫిలమెంటుకి 6.3 బదులు 5.2 వస్తుంది. ఓర్చుకునేది పది శాతం అటూ ఇటూ, అంటే 5.7 నుంచి 6.9 దాకా. స్టెబిలైజరు పెట్టండి. రిలే రకమైతే పాట మధ్యలో టప్‌మంటుంది, సర్వో రకం నయం.

అపోహ: ట్యూబులు ఒక్కొక్కటే పెట్టి పరీక్షిస్తే భద్రం.

వాస్తవం: వినడానికి బాగుంది గానీ 5వై3 ఒక్కటే పెట్టి ఆన్ చేస్తే కరెంటు లాగేవాడు లేక వోల్టేజీ శిఖరానికి పోతుంది. 325-0-325 వైండింగైతే (మధ్య నుంచి అటూ ఇటూ 325 వోల్టులు) 460 దాకా. కెపాసిటర్ల మీద రాసి ఉన్నది 450.

సరైన వరస ఇది. మోటారు వైండింగు షాపుల్లో ఉండే సిరీస్ బోర్డు (కరెంటు బల్బు గుండా యాంపుకి వెళ్లేది) ఒకటి తయారు చేసుకోండి, 60 వాట్ల ఫిలమెంటు బల్బుతో. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ముందు ట్యూబుల్లేకుండా ఆన్ చేయండి. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు. ఏసీ వోల్టేజీలు చూసుకున్నాక స్పీకరు తగిలించి, మూడు ట్యూబులూ ఒకేసారి పెట్టండి. ఈసారి బల్బు మెరిసి, మసగ్గా నిలబడుతుంది. అంతా బాగుంటే బల్బు తీసేసి నేరుగా ఇచ్చి అప్పుడు కొలవండి. బల్బు ఉండగా తీసిన రీడింగులు తక్కువే చూపిస్తాయి.

ముందుగా చూడాల్సింది 6వీ6 ఎనిమిదో పిన్ను. అక్కడ 470 ఓమ్ రెసిస్టరు మీద 18 వోల్టులు ఉంటే 38 మిల్లీ ఆంపియర్లు, ట్యూబు సుఖంగా ఉన్నట్టు. పిన్నులు లెక్కపెట్టేది సాకెట్టు కిందివైపు నుంచి, గడియారం తిరిగే దిశలో. పైనుంచి లెక్కపెట్టి తలకిందులు చేసేవాళ్లే ఎక్కువ.

అపోహ: ఆన్ చేయగానే కీచుమంటే ట్యూబు పాడు.

వాస్తవం: కొత్త బోర్డు మీద చాలాసార్లు ట్యూబుది కాదు తప్పు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు (6వీ6కీ స్పీకరుకీ మధ్యది) వైర్లు తారుమారై ఫీడ్‌బ్యాక్ (స్పీకరు దగ్గర్నుంచి కొంచెం వెనక్కి తెచ్చే సిగ్నల్) తిరగబడి ఉంటుంది. ఆపేసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, ఆ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ వైర్లు రెండూ అటుదిటు ఇటుదటు మార్చండి.

అపోహ: పాతకాలపు ఫైబర్ బోర్డు, పాతకాలపు కార్బన్ రెసిస్టర్లు ఉంటేనే పాత ధ్వని.

వాస్తవం: రెండూ చెమ్మ పీల్చేవే. నల్ల ఫైబర్ బోర్డు ముసురులో నానితే దానిమీదే కరెంటు పాకుతుంది. యాంపు ఆన్‌లో ఉండగా, నల్ల వైరు ఛాసిస్‌కే ఉంచి, ఎర్ర వైరు మొనని ఏ భాగమూ లేని ఉత్త బోర్డు మీద ఆనించండి. సున్నా చూపించాల్సిన మీటరు వోల్టులు చూపిస్తే దొంగ దొరికినట్టే. వాల్యూము నాబు బరబరమనడం, ఉన్నట్టుండి చిటపటలు దాని పనే. గ్లాస్ ఎపాక్సీ టరెట్ బోర్డూ, మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లూ మేలు. ధ్వనిలో తేడా చెప్పగలవాళ్లని మేమైతే చూడలేదు. ఛాసిస్ కూడా ఇనుము కన్నా అల్యూమినియం నయం.

అలాగే సోల్డరింగ్ పేస్టు జోలికి పోవద్దు. ఆమ్లం ఉన్న పేస్టుకి మన గాలి తోడైతే మొదటి ఏడాదిలోనే అతుకులు పచ్చబడతాయి. రోజిన్ కోరు ఉన్న 60/40 (తగరం, సీసం) సోల్డరు చాలు. మామూలు అతుకులకి 25 వాట్ల ఐరన్, ఛాసిస్ గ్రౌండుకి 60 వాట్లది.

అపోహ: ఫిల్టర్ కెపాసిటరు ఎంత పెద్దదైతే అంత మంచిది. వాస్తవం: 5వై3 వాడినంతకాలం మొదటిది 20 మైక్రోఫారడ్లు దాటనివ్వకండి. ఆన్ చేసిన క్షణంలో అది లాగే కరెంటుకి రెక్టిఫయరు లోపల మెరుపులు మెరుస్తాయి.

అపోహ: 5 వాట్లు బొమ్మే. వాస్తవం: గదిలో వాయించి చూడండి, పక్కింటివాళ్లే చెబుతారు. 50 వాట్లు దీనికి పది రెట్లు కాదు, చెవికి సుమారు రెట్టింపే. చర్చి హాల్లో డ్రమ్స్ ఉన్నప్పుడో తీర్థం స్టేజీ మీదో అయితే ముందు మైకు పెట్టి పెద్ద స్పీకర్లకి పంపాల్సిందే. స్పీకరు తగిలించకుండా మాత్రం ఎప్పుడూ వాయించకండి. ట్రాన్సిస్టరు యాంపు తట్టుకుంటుంది, ఇది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుని మింగేస్తుంది.

అపోహ: నీలంగా వెలిగితే ట్యూబు చచ్చినట్టే.

వాస్తవం: గాజు లోపలి గోడమీద నీలం మామూలే. 6వీ6 ప్లేటు (లోపలి లోహపు రేకు) ఎర్రబడితే మాత్రం వెంటనే ఆపి, మీటరు తగిలించుకుని, మళ్లీ కాసేపు మాత్రమే ఆన్ చేసి దాని ఐదో పిన్నులో వోల్టేజీ చూడండి. సున్నా కాకపోతే కప్లింగ్ కెపాసిటరు (12ఏఎక్స్7 నుంచి సిగ్నల్ తెచ్చేది) డీసీని కారుస్తోంది. అది సున్నాయే అయి, ఎనిమిదో పిన్నులోనూ దాదాపు సున్నా ఉంటే కాథోడ్ బైపాస్ కెపాసిటరు (ఆ 470 ఓమ్ రెసిస్టరుకి అడ్డంగా ఉండేది) షార్టయింది. గాజు లోపల వెండిలా మెరిసే పూత పాలలా తెల్లబడితే ట్యూబులోకి గాలి దూరింది. దాన్ని సాకెట్టులో పెట్టకుండానే పారేయండి.