పక్కనున్నవాళ్ల వంతు

పిల్లలూ,

"మేం చిన్నవాళ్లం కదా, ఎవరైనా ఆపదలో ఉంటే ఏం చెయ్యగలం? చెయ్యకపోతే తప్పేనా?" అని అడిగారు. రెండూ కలిపి అడగడమే మంచిదయింది. చెయ్యగలిగింది చెయ్యకపోతే తప్పే. చెయ్యలేనిదాన్ని నెత్తికెత్తుకోకపోతే మాత్రం తప్పు కాదు. కాబట్టి మన చేతనయ్యేదేమిటో ఆపద రాకముందే తెలిసుండాలి. ఈ ఉత్తరం చాలావరకు దాని గురించే.

ముందు, జనం ఎందుకు నిలబడిపోతారో చెబుతాను. చేతులు కట్టుకుని చూసేవాళ్లంతా రాతిగుండె మనుషులని అనుకోకండి. 1968లో బిబ్ లాటనే, జాన్ డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు న్యూయార్క్‌లో ఒక పరీక్ష పెట్టారు. కాలేజీ కుర్రాణ్ణి గదిలో కూర్చోబెట్టి, ఏవో కాగితాలు నింపమన్నారు. కాసేపటికి గోడలోని సందులోంచి పొగ రావడం మొదలైంది. గదిలో ఒంటరిగా ఉన్న 24 మందిలో 18 మంది లేచి వెళ్లి చెప్పారు. మరో విడతలో ప్రతి కుర్రాడి పక్కనా ఇద్దర్ని కూర్చోబెట్టి, పొగ కనిపించినా పట్టించుకోవద్దని వాళ్లకు ముందే చెప్పిపెట్టారు. ఈసారి 10 మందిలో లేచి వెళ్లి చెప్పింది ఒక్కడే. మిగతావాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, చేత్తో పొగ విసురుకుంటూ కాగితాలు నింపుతూనే కూర్చున్నారు. తర్వాత అడిగితే పక్కవాళ్లను చూసి ఊరుకున్నామని అనలేదు. ఆవిరేమో అనుకున్నామన్నారు, ఏసీలోంచి వచ్చిందనుకున్నామన్నారు.

మనవాళ్లు దీన్నే నలుగురితో నారాయణా అంటారు. ఇది నిజంగా ఆపదేనా కాదా అని తేల్చుకోవడానికి మనం పక్కవాడి మొహం చూస్తాం, పక్కవాడు మన మొహం చూస్తాడు. ఇద్దరమూ తాపీగా ఉన్నట్టు కనిపిస్తాం కాబట్టి ఇద్దరమూ ఏమీ లేదనే నిర్ధారణకు వస్తాం. దీనికి తోడు 'ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారులే' అనే ఆలోచన. అందరూ అదే అనుకుంటే ఫోన్ వెళ్లనే వెళ్లదు.

అయితే మనుషులింతే అని విసుక్కోవడం కూడా సరికాదు. 1964లో న్యూయార్క్‌లో ఒక యువతి హత్య జరిగితే, 38 మంది చూస్తూ ఊరుకున్నారని ఒక పెద్ద పత్రిక రాసింది. ఆ మాట పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. నిజానికి చూసినవాళ్లు అంతమంది లేరు, మొత్తం జరిగింది చూసినవాళ్లు అసలే లేరు, ఒక పొరుగామె కిందికి పరుగెత్తుకెళ్లి ఆ అమ్మాయిని ఒళ్లో పట్టుకుంది. తన కథనంలో లోపాలున్నాయని 2016లో ఆ పత్రికే ఒప్పుకుంది. ఇక 2019లో వెలువడిన ఒక పరిశోధనలో ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ నగరాల వీధి కెమెరాలకు చిక్కిన 219 గొడవలను చూస్తే, 10కి 9 సార్లు కనీసం ఒక్కరైనా కల్పించుకున్నారు. ఎక్కువమంది ఉన్న చోట ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం కూడా ఎక్కువగానే ఉంది. అంటే గుంపుకు గుండె లేకపోలేదు, మొదటి మనిషి కోసం చూస్తోందంతే. ఆ మొదటి మనిషి కావడమే మీ వంతు. అందుకు బలం అక్కర్లేదు, వయసూ అక్కర్లేదు, నోరుంటే చాలు.

ఆ నోటిని ఎలా వాడాలో చూడండి. పడి ఉన్న మనిషి దగ్గరికి వెళ్లేముందు అటూ ఇటూ చూడాలి: బళ్లు వస్తున్నాయా, తీగలు తెగి పడ్డాయా, గ్యాస్ వాసన వస్తోందా. ఏమీ లేదనుకున్నాకే దగ్గరికెళ్లి, భుజం తట్టి "బాగున్నారా? ఏమయింది?" అని గట్టిగా అడగాలి. మీరు అడిగేసరికి చుట్టూ ఉన్నవాళ్లకు ఇది ఆపదేనని అర్థమవుతుంది. తర్వాత "ఎవరైనా ఫోన్ చెయ్యండి" అని గాల్లోకి అరవకండి. ఎవరైనా అంటే ఎవరూ కాదు. ఒక్కరి కళ్లలోకి చూసి, వేలు పెట్టి చూపించి, "నీలం చొక్కా అంకుల్, మీరు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి, చేశాక నాకు చెప్పండి" అనాలి. వేలు పెట్టి చూపడం మర్యాద కాదని నేర్పించాం. ఇక్కడ మాత్రం అదే కావాలి. మరొకరికి ఇంకో పని చెప్పండి: "అక్కా, మీరు మలుపు దగ్గర నిలబడి అంబులెన్స్‌కి దారి చూపించండి."

ఫోన్ మీరే చెయ్యాల్సి వస్తే ముందు ఎక్కడున్నారో చెప్పండి, ఏమయిందో తర్వాత. మధ్యలో లైన్ తెగినా చోటు తెలిస్తే సాయం బయల్దేరుతుంది. గుర్తులు చెప్పండి: బోర్డు మీది పేరు, కిలోమీటరు రాయి మీది అంకె, కరెంటు స్తంభం మీది నంబరు. ఆ తర్వాత ఏం జరిగిందో, ఎంతమందికో, మాట్లాడుతున్నారో లేదో, ఊపిరి ఆడుతోందో లేదో. అవతలివాళ్లు పెట్టెయ్యమనేదాకా ఫోన్ పెట్టకండి, ఏం చెయ్యాలో వాళ్లే ఒక్కొక్కటీ చెబుతారు. ఇండియాలోనూ యూరోపియన్ యూనియన్ దేశాల్లోనూ ఈ నంబరు 112. ఫోన్‌కి లాక్ ఉన్నా అత్యవసర నంబరుకు కాల్ వెళుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన భాగం. కాపాడబోయి తానే పోయినవాళ్ల కథలు నీళ్ల దగ్గరే ఎక్కువగా వింటుంటాం. మునిగిపోతున్న మనిషి కేకలేస్తాడనీ, చేతులూపుతాడనీ అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. నోరు నీటి మట్టం దగ్గర మునుగుతూ తేలుతూ ఉంటుంది. పైకి వచ్చిన ఆ క్షణంలో ఊపిరి పీల్చుకోవడానికే సరిపోదు, ఇక అరవడానికి గాలెక్కడిది? చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాడు, ఊపడం అతని వశంలో ఉండదు. ఒళ్లు నిట్టనిలువుగా ఉంటుంది, కాళ్లు ఆడించడు. చూసేవాళ్లకు నిచ్చెన ఎక్కుతున్నట్టు కనిపిస్తాడు. పూర్తిగా మునిగిపోవడానికి 20 నుంచి 60 సెకన్లు చాలు. కాబట్టి నీళ్లలో ఉన్న మనిషి పిలిస్తే పలక్కపోయినా, చూపు ఎటో ఉండిపోయినా ఆపదేనని లెక్క.

అప్పుడు దూకకండి. ఈత బాగా వచ్చినా దూకకండి. మునిగేవాడు దొరికినదాన్ని పట్టుకుని దాని మీదికి ఎక్కాలని చూస్తాడు, అది మీ తల కావచ్చు. అతని తప్పేం లేదు, ఊపిరి కోసం ఒళ్లు చేసే పని అది. మీరు ఒడ్డున బోర్లా పడుకుని, బరువంతా వెనక్కి ఉంచి, కర్రో వెదురు బొంగో దుప్పటో అందించండి. నిలబడి అందిస్తే లాగిన లాగుకి మీరూ లోపలికి పోతారు. అందనంత దూరంలో ఉంటే తేలేదేదైనా విసరండి. మూత బిగించిన 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా పెద్ద మనిషిక్కూడా ఆసరా ఇస్తుంది. పూర్తిగా ఖాళీదైతే గాలికి పక్కకు పోతుంది కాబట్టి అడుగున కాసిని నీళ్లుంచి విసరాలి. తాడు కట్టి ఉంటే మనిషి భుజం మీదుగా అవతల పడేలా వేసి మెల్లగా లాగండి, తాడు అతని చేతికి తగులుతుంది. ముందు పడితే అందుకోవడానికి అతను ముందుకు రాలేడు. ఇవేవీ లేకపోతే పెద్దవాళ్లను కేకేస్తూ, అతను ఎక్కడ మునిగాడో ఆ చోటి మీంచి చూపు తిప్పకుండా ఉండండి. వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

కరెంటుదీ ఇదే లెక్క. షాక్ కొడుతున్న మనిషిని ముట్టుకుంటే ఆ కరెంటు మీలోకీ వస్తుంది. ముందు మెయిన్ స్విచ్ ఆపెయ్యాలి. వీధిలో తీగ తెగి పడితే కనీసం 10 మీటర్ల అవతలే ఆగిపోండి, తడి నేలైతే ఇంకా దూరంగా ఉండండి. నేలలోకి కూడా కరెంటు పాకుతుంది. పొడి కర్రతో తీగ నెట్టెయ్యవచ్చని విని ఉంటారు, పెద్ద లైన్ల దగ్గర ఆ కర్ర మిమ్మల్ని కాపాడదు. పాడుబడిన బావులూ, మూసిన ట్యాంకులూ, మురుగు గుంతలూ మరీ మోసం. లోపల ప్రాణవాయువు ఉండకపోవచ్చు, విషవాయువు నిండి ఉండొచ్చు. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి, వాసనే తెలియదు. ఒకరు పడిపోయారని ఇంకొకరు, వాళ్ల కోసం మరొకరు దిగి అందరూ పోయిన సంఘటనలు ఎన్నో. అక్కడ మీ పని దిగబోయేవాళ్లను ఆపడం, అగ్నిమాపక సిబ్బందికి ఫోన్ చెయ్యడం. ఏడ్చి మొత్తుకునైనా సరే ఆపండి.

దగ్గరికి వెళ్లగలిగిన చోట మీ చేతులతో చెయ్యదగ్గవీ ఉన్నాయి. మనిషి పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగినట్టే అనుకోవాలి. ఆగి ఆగి గురకలా ఎగశ్వాస పెడుతుంటే ఊపిరాడుతోందని మోసపోకండి, అది ఊపిరి లెక్కలోకి రాదు. ఫోన్ చేయించి, గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్య ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ, దాని మీద రెండో చెయ్యి పెట్టి నొక్కాలి. మోచేతులు వంచకూడదు, భుజాలు తిన్నగా చేతుల పైకి రావాలి. పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలా లేచినప్పుడే గుండెలోకి రక్తం వచ్చి చేరుతుంది. చాలామంది తొందరలో ఇక్కడే తప్పుతారు. రెండు నిమిషాలకే చేతులు బరువెక్కి లోతు తగ్గిపోతుంది, కాబట్టి ఇంకొకర్ని పిలిచి మార్చుకోండి. పక్కటెముక విరిగినట్టు చప్పుడైనా ఆపకండి, ఎముక మళ్లీ అతుక్కుంటుంది. 12 ఏళ్లు దాటిన పిల్లలకు బళ్లలో ఏడాదికి 2 గంటలు ఇది నేర్పాలన్న ప్రతిపాదనను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సమర్థించింది. బక్కపలచటి పిల్లలకు అంత లోతు నొక్కే బరువు ఉండకపోవచ్చు. అయినా ఎలా నొక్కాలో పక్కనున్న పెద్దవాళ్లకు చెప్పి చేయించగలరు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, కనీసం 10 నిమిషాలు అలాగే పట్టుకోండి. తగ్గిందేమోనని మాటిమాటికీ ఎత్తి చూస్తే గడ్డకడుతున్న రక్తం మళ్లీ చెదిరిపోతుంది. గుడ్డ తడిసిపోతే తియ్యకుండా దాని మీదే ఇంకోటి వెయ్యండి. లోపల గుచ్చుకుని ఉన్నదాన్ని పీకకండి. మూర్ఛ వచ్చినవాళ్లను అదిమి పట్టుకోవద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు. తల కింద మెత్తటిది పెట్టి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ కావాల్సిందే.

మనిషే మనిషిని కొడుతున్నప్పుడు మధ్యలోకి దూరకండి. పెద్దవాళ్లను పిలవండి, అది పిరికితనం కాదు. బడిలో తోటివాణ్ణి ఏడిపిస్తుంటే మాత్రం మీ మాటకు మీరనుకునే దానికన్నా బలముంది. కెనడాలో బడి ఆటస్థలాల వీడియోలు చూసిన పరిశోధకులు 2001లో రాసిందేమిటంటే, తోటిపిల్లలు కల్పించుకున్నప్పుడు సగానికి పైగా సందర్భాల్లో 10 సెకన్లలోపే ఏడిపించడం ఆగిపోయింది. ఏడిపించేవాడితో వాదన పెట్టుకోనక్కర్లేదు. ఏడుస్తున్నవాడి దగ్గరికెళ్లి "నీకోసమే వెతుకుతున్నా, పద" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేయండి. ఇక వీడియో తియ్యడం గురించి. సాయం చేసేవాళ్లు అప్పటికే ఉండి, సాక్ష్యంగా పనికొస్తుందనిపిస్తే తియ్యండి. దాన్ని బాధితుడికో పోలీసులకో ఇవ్వండి తప్ప నలుగురికీ పంపకండి. ఒక మనిషి బతుకులో అతి హీనమైన క్షణాన్ని ఊరంతటికీ చూపించే హక్కు మనకు లేదు.

చట్టం ఏమంటుందని పెద్దపిల్లలు అడుగుతారు. దేశానికో రకంగా ఉంది. జర్మనీలో, ఫ్రాన్స్‌లో తనకు ముప్పు లేకుండా సాయం చెయ్యగలిగీ చెయ్యకపోవడం నేరం. ఇంగ్లండ్‌లో ముక్కూమొహం తెలియనివాణ్ణి కాపాడి తీరాలనే సాధారణ నియమం లేదు. ఇండియాలో 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడ్డవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదు. పేరు చెప్పమని వాళ్లను బలవంతపెట్టడానికీ వీల్లేదు. నాకైతే చట్టం కన్నా ముందుదొకటి తోస్తుంది. ఆపదలో ఉన్నవాడు పక్కన ఎవరుండాలో ఎంచుకోలేదు, మీరూ ఎంచుకోలేదు. మీరక్కడ ఉన్నారు. ఆ పూటకు ఆ మనిషికి మీకన్నా దగ్గరివాళ్లు లేరు. సొంత అన్నదమ్ములున్నా వాళ్లు ఎక్కడో ఉన్నారు.

సాయం వచ్చాక మీరు చూసిందీ చేసిందీ, అప్పుడు టైమెంతయిందీ చెప్పి పక్కకు తప్పుకోండి. తర్వాత కాళ్లు వణుకుతాయి, ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. అన్నీ సరిగ్గా చేసినా మనిషి దక్కకపోవచ్చు కూడా. గుండె ఆగినవాళ్లలో చాలామంది ఆసుపత్రికి చేరినా బతకరు, అది మీ చేతుల లోపం కాదు. చూసింది మనసులో దాచుకోకుండా ఇంట్లో చెప్పండి, రెండుసార్లు మూడుసార్లు చెప్పాలనిపించినా చెప్పండి. వారాలు గడిచినా అదే కళ్లముందు కదులుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమనండి.

జవాబు రాసేలోపు మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఇంట్లో మెయిన్ స్విచ్ ఎక్కడుందో వెతికి, అది మీలో ఎవరెవరి చేతికి అందుతుందో, అందనివాళ్లు దేనిమీద ఎక్కాలో చూసి నాకు రాయండి.

ఉంటాను,
మీ తాతయ్య